కాగడా పట్టినవాడి పేరు

గోరింకల అడవిలోకి కిరీటం కోసం వెళ్ళినవాళ్ళెవరూ తిరిగి రాలేదు. చీకటిమెట్ట రాజ్యపు ఆఖరి రాణి తన కిరీటాన్ని ఆ అడవి గుహలో దాచి, రాతి తలుపు మూయించింది. ఈ రాజ్యం ఎక్కడుందో అని వెతక్కండి, మానస కాగితాల మీద ఉంది. ఆమె కథ చెబుతుంది, ఆడేవాళ్ళు అందులో మనుషులవుతారు, బతుకో చావో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. ఇవాళ కొత్తగా ఆటకు కూర్చున్నది ఆమె పెద్దబాపు ఓదెలు, పెద్దమ్మ రాజవ్వ. ఓదెలు ముప్పయ్యేళ్ళు బొగ్గుబావిలో దిగిన మనిషి. గుహ అనగానే నడుం నిటారుగా పెట్టాడు.

"ఒక్క సంగతి పెద్దబాపు. ఈ రాజ్యంల సచ్చినోళ్ళు మళ్ళ లేవరు," అంది మానస.

"యాడ లేస్తరు బిడ్డా," అన్నాడు ఓదెలు.

ముళ్ళపొదలు నరుక్కుంటూ, ఎలుగుబంటిని మంటతో అదిలిస్తూ గుహ ముందుకు చేరారు. ఓదెలు చేతిలో బల్లెం, రాజవ్వ భుజాన మూలికల సంచి. ముందు ఒక కూలివాడు కాగడా పట్టుకుని గుహలో కాలు పెట్టబోయాడు.

"ఆగు!" అని గర్జించాడు ఓదెలు. "గా కాగడా పట్టినోని పేరేంది?"

"పేరు లేదు పెద్దబాపు. వట్టి కూలి."

"పేరు రాయకుంట మనిషిని బాయిల దింపుతరా? దిగేటప్పుడు రాయాలె, ఎక్కేటప్పుడు లెక్క సూడాలె. రాయి. ఐలయ్య."

రాజవ్వ చేతిలో టీ గ్లాసు ఆగిపోయింది. ఐలయ్య బావిలో ఓదెలు జతగాడు. పంతొమ్మిదేళ్ళ కింద బావి పైకప్పు కూలి చనిపోయాడు. అప్పటినుంచి ఓదెలు ఆ పేరు ఎత్తలేదు, ఆ ఇంటి వైపు పోలేదు. మానసకు ఇదేమీ తెలియదు, రాసుకుంది.

లోపల బల్లెంతో కప్పు కొట్టి చూస్తూ నడిచాడు ఓదెలు. ఒకచోట డొల్ల శబ్దం వచ్చింది. "ఎనక్కి!" అని అరిచేలోగా కప్పు విరిగిపడింది. ఐలయ్య నడుం దాకా రాళ్ళలో కూరుకుపోయాడు. అదే అదురుకు ఎదుటి రాతి తలుపు తెరుచుకుంది. లోపల కిరీటం మెరిసింది. తలుపు మళ్ళీ మూసుకోసాగింది.

"ఒక్కటే చెయ్యొచ్చు," మానస గొంతు తగ్గించింది. "కిరీటమా, మనిషా? మనిషంటే పదహారు పడాలె. తక్కువ పడితే ముగ్గురూ పోతరు."

"ఆనాడు ఉరికిన బిడ్డా," అన్నాడు ఓదెలు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. "ఐలయ్య పిలుస్తుంటె ఇడిసిపెట్టి ఉరికిన. ఇగ ఉరక."

ఆ మాట రాజవ్వ కూడా ఇన్నేళ్ళలో వినలేదు.

"ముందుగాల కప్పుకు ఊత! బల్లెం విరిచి నిలవెడుతున్న. రాజవ్వా, కాగడా అందుకో! వాని ముక్కుకు గుడ్డ కట్టు! పెద్ద రాయి ముట్టకు, చిన్నయి తియ్యి!"

"ఊత పెట్టినవు గద, పది చాలు," అంది మానస.

ఓదెలు పాచికను రాజవ్వ అరచేతిలో పెట్టాడు. ఆమె వేసింది. పదకొండు.

తలుపు మూసుకుంది. కిరీటం లోపలే ఉండిపోయింది. ఐలయ్యను ఈడ్చుకుంటూ వెలుతుర్లోకి వచ్చారు.

"దిగింది ముగ్గురం," ఓదెలు వేళ్ళు ముడిచాడు. "ఎక్కింది ముగ్గురం." భార్య వైపు తిరిగాడు.

"రేపు ఐలయ్య ఇంటికి పోదాం. నేను ఉరికిన సంగతి ఆయన పెండ్లానికి సెప్పాలె."

"పోదాం," అంది రాజవ్వ.