ఘాటు రాని గింజలు

2002 ఫిబ్రవరి, సోమవారం. మధ్యాహ్నం రెండుంబావు.

నర్సింగ్‌హోమ్ మంచం మీద డాక్టర్ శివపార్వతి గాలిలోంచి ఏదో ఏరుతోంది. లేని పత్తిని ఏరి ఒళ్లో వేసుకుంటోంది. ముఖం ఎర్రగా కందిపోయింది. పెదవులు ఎండిపోయాయి. పేరు అడిగితే చెప్పలేదు. ఇది ఏ సంవత్సరమని అడిగితే నవ్వింది.

ఆ మంచం పక్కనే ఇద్దరు డాక్టర్లు కాలర్లు పట్టుకుని ఉన్నారు. నేల మీద సిరంజి ముక్కలై పడి ఉంది.

"వదలండి!" అన్నాడు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ క్రీస్తుదాసు, గుమ్మంలోంచే.

ఇద్దరూ వదిలారు. పొడుగ్గా, నలగని చొక్కాతో ఉన్నవాడు శివపార్వతి భర్త డాక్టర్ శ్యామ్ సుందర్. గుంటూరులో పెద్ద ఆస్పత్రిలో పనిచేస్తాడు. కబురందగానే కారులో వచ్చాడు. గడ్డం మాసి, చెమటలు కక్కుతున్నవాడు డాక్టర్ త్రినాథ్. శివపార్వతి దగ్గర రీసెర్చిలో రెండో మనిషి.

ఆ రీసెర్చి సంగతి గొల్లమూడివారిపాలెంలో పిల్లల్ని అడిగినా చెబుతారు. పత్తికీ మిరపకూ మందు కొట్టేవాళ్ల జ్ఞాపకశక్తి ఏమవుతోంది? ఏది మెదడును మొద్దుబారుస్తుంది, ఏది తిరిగి పదును పెడుతుంది? రెండేళ్లుగా శివపార్వతి ఊళ్లోనే ఇల్లు అద్దెకు తీసుకుని, కూలీలకు ఐదు మాటలు చెప్పి, కాసేపాగి తిరిగి అడుగుతూ ఉంది. చేతికి తొడుగూ మూతికి గుడ్డా కట్టుకుని, మందు కొట్టడం కొన్నాళ్లు మానినవాళ్లకు మతిమరుపు తగ్గుతోందని తేలింది. ఆ ఫలితాలు చెప్పమని ఢిల్లీ నుంచి పిలుపొచ్చింది. గురువారం ప్రయాణం.

ఇప్పుడు ఆ మనిషికి తన పేరే గుర్తులేదు.

"ఇన్‌స్పెక్టర్‌గారూ, ఇది పురుగుమందు కేసు" అన్నాడు శ్యామ్ సుందర్. "ఎవరో అన్నంలో కలిపారు. వెంటనే ఆట్రోపిన్ ఎక్కించాలి. ఈయన సిరంజి లాక్కుని పగలగొట్టాడు. నా భార్య చచ్చిపోతే మీదే బాధ్యత."

"మందు కాదు!" త్రినాథ్ అరిచాడు. "ఆమె కళ్లు చూడండి. మందు తాగినవాళ్ల కంటిపాప గసగసాల గింజంత అవుతుంది. నోట్లోంచి చొంగ కారుతుంది. ఈమెకు నోరెండిపోయింది. కంటిపాప కన్నంతా పరుచుకుంది. ఇప్పుడు ఆట్రోపిన్ ఎక్కిస్తే ఆఖరే."

"ఈయన మాట వినకండి. ఈయనకి మొదటినుంచీ ఆమె అంటే కళ్లలో నిప్పులు."

"అవును!" అన్నాడు త్రినాథ్. "నాకు ఓర్వలేనితనం ఉంది. లేదని ఎవరన్నారు? ఆ పదవి నాకు రావాలి, ఆమెకొచ్చింది. ఢిల్లీ నేను వెళ్లాలి, ఆమె వెళుతోంది. అయితే మాత్రం? సూది మాత్రం వేయనివ్వను."

క్రీస్తుదాసుకు ముందు నుయ్యి, వెనుక గొయ్యిలా అయింది. ఇద్దరూ చదువుకున్నవాళ్లే. ఒకరి మాట వింటే ప్రాణం నిలుస్తుంది, రెండోవాడి మాట వింటే పోతుంది. ఎవరి మాట ఏదో ఆయనకు తెలియదు. నర్సింగ్‌హోమ్ యజమాని పెళ్లికని చీరాల వెళ్లాడు. గుంటూరు నుంచి అంబులెన్స్ రావడానికి గంట పడుతుంది.

"గౌస్ బాషా" అన్నాడు కానిస్టేబుల్‌తో. "నువ్వీ మంచం దగ్గర నిలబడు. నేను చెప్పేదాకా ఎవరూ సూది పట్టకూడదు. ఎవరైనా సరే."

శ్యామ్ సుందర్ తల పట్టుకున్నాడు. "ఆమె మామూలు మనిషి కాదండీ. రత్నం. మా ఆవిడ ముందు నేనెంతండీ!"

క్రీస్తుదాసు ఆగి అతని వైపు చూశాడు.

ఆ మాట ఆయనకు బాగా తెలుసు. పోయిన వారమే ఆయన భార్య జెస్సీ హైస్కూలు హెడ్‌మిస్ట్రెస్ అయింది. సన్మానసభలో మైకు పట్టుకుని, 'మా ఆవిడ ముందు నేనెంతండీ' అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చాక ఆయనకు అన్నం సహించలేదు. జెస్సీ దండలు మేకుకు తగిలిస్తుంటే, ఆ దండల మీద ఊరికే కోపమొచ్చింది. భార్య పైకెక్కితే మొగుడి కడుపులో ఏం మండుతుందో, ఆ మంట మీద ఏ తియ్యటి మాట కప్పుతాడో ఆయనకు ఒకరు చెప్పనక్కర్లేదు.

కానీ అంతమాత్రాన ఎవరూ హంతకులైపోరు. తను అయ్యాడా?

కాంపౌండర్ ఆదెయ్యను పక్కకు పిలిచాడు.

"సిరంజి నింపమన్నదెవరు?"

"శ్యామ్ సుందర్‌గారేనండి. ఫోన్లో."

"ఫోన్ ఎన్నింటికి చేశావు?"

"డాక్టరమ్మని ఒంటిగంటకి తెచ్చారండి. తేగానే చేశాను."

"ఏమని చెప్పావు?"

"మీ ఆవిడ పడిపోయారండీ, తొందరగా రండీ అన్నాను. అంతేనండి. ఆయన వెంటనే, 'మందు కేసు, ఆట్రోపిన్ మొదలుపెట్టు' అన్నారు. నేను తయారుచేసేలోపు త్రినాథ్‌గారు అడ్డం పడ్డారండి. ఆయన్ని నిలువరించలేక చచ్చాను. చివరికి శ్యామ్ సుందర్‌గారే వచ్చి సూది అందుకోబోతే, త్రినాథ్‌గారు లాక్కుని నేలకేసి కొట్టారు."

"ఎలా పడిపోయిందని అడిగాడా? వాంతులా, మూర్ఛా, ఏదైనా?"

ఆదెయ్య ఆలోచించాడు. "అడగలేదండి. అయినా ఈ రోజుల్లో మా దగ్గరికి పడిపోయి వచ్చారంటే మందు కేసేగదండీ. మేమూ అడగం. ఒక చేత్తో చీటీ రాస్తాం, రెండో చేత్తో ఆట్రోపిన్ ఎక్కిస్తాం."

అది నిజమే. పత్తి వేసిన నేల ఇది. పురుగు చావక, అప్పు తీరక ఆ మందు డబ్బాయే ఎత్తి తాగినవాళ్లు ఎందరో. స్పృహ తప్పిన మనిషి వస్తే ఇక్కడ కారణం ఎవరూ వెతకరు.

క్రీస్తుదాసు వీధి దాటి శివపార్వతి అద్దె ఇంటికి వెళ్లాడు. వంటమనిషి ఎలీసమ్మ అరుగు మీద కూర్చుని ఏడుస్తోంది.

"పొద్దున ఏం తిన్నారు మీ అమ్మగారు?"

"పదకొండింటికి అన్నం తిన్నారయ్యా. పప్పు, పండుమిరపకాయ పచ్చడి, మజ్జిగ. పప్పూ మజ్జిగా త్రినాథ్‌బాబు కూడా తిన్నారు. నేనూ తిన్నాను. మాకేం కాలేదు."

"పచ్చడి?"

"రెండు జాడీలయ్యా. పెద్దది మాకు. చిన్నది అమ్మగారికి."

"ఎందుకు రెండు?"

"ఆయమ్మకి ఆర్నెల్ల నుంచి కడుపులో మంటయ్యా. గింజ పడదు. కాయ చీల్చి, గింజంతా రాల్చి, ఉత్త తోలే నూరతా. త్రినాథ్‌బాబు రోజూ ఎగతాళి చేస్తారు, గుంటూరుదాన్నని చెప్పుకుని గింజ తీసిన పచ్చడి తింటావా అని."

క్రీస్తుదాసు చిన్న జాడీ మూత తీశాడు. గరిటెతో కలిపాడు. ఎర్రటి ముద్దలో అక్కడక్కడా గింజలు.

"మరి ఇవేంటి?"

ఎలీసమ్మ వంగి చూసింది. ఏడుపు ఆగిపోయింది. "ప్రభువా! నేనెయ్యలేదయ్యా! మా బిడ్డల మీద ఒట్టు!"

"నిన్న ఇంటికెవరొచ్చారు?"

"ఆదివారం కదయ్యా. శ్యామ్ సుందర్‌గారొచ్చారు. త్రినాథ్‌బాబు శనివారమే వాళ్లూరెళ్లి, ఇవాళ పొద్దున్నే దిగారు. నేను వంట చేసి గుడికెళ్లాను. వెళ్తుంటే శ్యామ్ సుందర్‌గారు ఈ చిన్న జాడీ ఎవరిదని అడిగారు. అమ్మగారిదండీ, ఇంకెవరూ ముట్టరండీ అన్నాను."

"వేరే ఎందుకని అడిగాడా?"

"లేదయ్యా. అడగలేదు."

మూడుంబావు. నర్సింగ్‌హోమ్ వరండా. మధ్యలో కుంపటి, దాన్నిండా కణకణలాడే నిప్పులు. పక్కన రెండు జాడీలు, రెండు చిప్పలు. శ్యామ్ సుందర్, త్రినాథ్, ఎలీసమ్మ, ఆదెయ్య కుంపటి చుట్టూ నిలబడ్డారు.

"ఏమిటీ నాటకం?" శ్యామ్ సుందర్ గొంతు లేచింది. "అక్కడ ఆమె ప్రాణం పోతుంటే!"

"నిమిషం పట్టదు డాక్టరుగారూ. ఇవి పెద్ద జాడీలో గింజలు. కడిగాను."

చిటికెడు గింజలు నిప్పుల మీద వేశాడు. చిటపటలాడాయి. మరుక్షణం వరండా అంతా ఘాటు. ఆదెయ్యకు దగ్గు తెర. ఎలీసమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఇన్‌స్పెక్టర్‌కే కళ్లనీళ్లు తిరిగాయి.

ఘాటు తగ్గేదాకా ఆగాడు.

"ఇవి చిన్న జాడీలోవి. ఇవీ కడిగాను."

అవీ చిటికెడు వేశాడు. పొగ సన్నగా లేచింది. ఏదో పచ్చి వాసన. ఎవరూ దగ్గలేదు. ఇంకో చిటికెడు వేశాడు. అంతే.

"దిష్టి!" అంది ఎలీసమ్మ, నోరు జారి. "మిరప నిప్పుల్లో పడ్డా ఘాటైన కోరు రాలేదంటే కన్ను తగిలినట్టే. ప్రార్థన చేసుకునేవాళ్లం ఈ మాటనకూడదు గానీ..."

"అనవచ్చు ఎలీసమ్మా. కన్ను తగిలిన మాట నిజమే. కాకపోతే ఇవి మిరపగింజలు కావు. త్రినాథ్‌గారూ, ఏమిటివి?"

త్రినాథ్ ఒక గింజ అరచేతిలో వేసుకుని వేలితో తిప్పాడు. ముఖం పాలిపోయింది.

"ఉమ్మెత్త. మెడికల్ కాలేజీలో ఈ గింజలూ మిరపగింజలూ పక్కపక్కన సీసాల్లో పెట్టి చూపిస్తారు, తేడా కనుక్కోమని. ఆట్రోపిన్ అన్నదీ ఈ జాతి విషమే. ఒకదాని మీద ఒకటి పడితే మనిషి మిగలదు."

"అంటే కలిపినవాడు డాక్టరు" అన్నాడు క్రీస్తుదాసు. "మీరిద్దరూ డాక్టర్లే. కానీ త్రినాథ్‌గారు రోజూ ఆమె పక్కన కూర్చుని తింటారు. ఆ జాడీలో గింజ ఉండదని ఆయనకు తెలుసు. గింజల్లో గింజలు దాచేవాడు గింజలేని పచ్చడిలో దాచడు. ఆ సంగతి తెలియనివాడే దాస్తాడు. ఇంకో సంగతి. ఈ ప్రాంతంలో పడిపోయినవాళ్లకు కళ్లైనా చూడకుండా ఆట్రోపిన్ ఎక్కిస్తారని కూడా వాడికి తెలుసు. మిగతా పని కాంపౌండరే చేస్తాడని ధీమా."

శ్యామ్ సుందర్ నవ్వబోయాడు. "ఆమె నా భార్య. నేనెందుకు..."

"మీరు రెండుసార్లు అడగాల్సింది అడగలేదు. భార్య పడిపోయిందంటే ఏమైందని అడగలేదు. ఆమెకు వేరే జాడీ అంటే ఎందుకని అడగలేదు. ఆరు నెలలుగా ఆమె కడుపులో మంట. ఊరంతటికీ తెలుసు. మీకు తెలియదు."

లోపల శివపార్వతి ఎవరితోనో గొణుగుతోంది.

"బ్యాచ్‌లో మొదటివాణ్ని నేను" అన్నాడు శ్యామ్ సుందర్. "గోల్డ్ మెడల్ నాది. పరీక్షలకు ఆమెకు పాఠం చెప్పింది నేను. ఈ రీసెర్చి ఆలోచన నాది. పనికిరాదని నేను వదిలేస్తే ఆమె ఎత్తుకుంది. ఇప్పుడు నన్ను ఏమంటున్నారో తెలుసా? శివపార్వతి మొగుడు అంటున్నారు. నా పేషెంట్లు కూడా!" కుంపటి వైపు చూశాడు. "చంపాలనుకోలేదు. ఢిల్లీ వెళ్లకుండా, అందరి ముందూ ఒక్కసారి తడబడితే చాలనుకున్నాను. ఆ మెదడు ఒక్క రోజు పనిచేయకపోతే చాలనుకున్నాను."

"మరి సూది?"

నలగని చొక్కా మొదటిసారి చెమటతో తడిసింది. గౌస్ బాషా బేడీలు తీశాడు.

ఆమెను గుంటూరు తీసుకెళ్లారు. పొట్ట కడిగారు. సరైన విరుగుడు ఇచ్చారు. మంగళవారం సాయంత్రానికి జ్వరం దిగింది. చేతులు గాలిలో ఏరడం మానాయి.

క్రీస్తుదాసు వెళ్లేసరికి త్రినాథ్ ఆమె మంచం పక్కన స్టూలు మీద ఉన్నాడు. ఆమె క్రీస్తుదాసుని చూసి, దిండుకు ఆనుకుని లేచింది.

"మీరు పోలీసులా? ఏం జరిగింది నాకు? శ్యామ్ ఏడండీ? అన్నం తిన్నాడా?"

క్రీస్తుదాసు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆమె మొదట నమ్మలేదు. తర్వాత దిండులో ముఖం దాచుకుని ఏడ్చింది. ఆ ఏడుపు వినలేక ఆయన కిటికీ దగ్గరికి వెళ్లాడు. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్లు మూసుకుంది.

కాసేపటికి కళ్లు తెరిచింది. కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"మీరు పోలీసులా? శ్యామ్ ఏడండీ? అన్నం తిన్నాడా?"

క్రీస్తుదాసు త్రినాథ్ వైపు చూశాడు.

"విన్నది నిలవడం లేదు" అన్నాడు త్రినాథ్ మెల్లగా. "మెదడు తేరుకుంటోంది. రేపటికి నిలుస్తుంది. ఇవాళంతా ఇలాగే అడుగుతుంది." తల దించుకున్నాడు. "సూది ఆపింది నేను. నన్ను ఒక్కసారీ అడగలేదు. ఇంత జరిగినా వాడినే అడుగుతోంది."

క్రీస్తుదాసు రెండోసారి చెప్పాడు. ఆమె మళ్లీ మొదటిసారి విన్నట్టే విన్నది. మళ్లీ అలాగే ఏడ్చింది. మళ్లీ కళ్లు మూసుకుంది.

చీకటి పడింది. నర్సు లైటు వేసింది. శివపార్వతి కదిలింది. దాహమంటే త్రినాథ్ నీళ్లు తాగించాడు. ఆమె గ్లాసు అవతల పెట్టి గది చుట్టూ కలయజూసింది. ఇన్‌స్పెక్టర్ మీద కళ్లు నిలిచాయి.

"ఏవండీ, మా శ్యామ్ వచ్చాడా? అన్నం తిన్నాడా?"

"తిన్నాడమ్మా" అన్నాడు క్రీస్తుదాసు. "మీరు పడుకోండి."