కోడలి పేరుతో జవాబులు

ఆదివారం పొద్దున టైలరమ్మ హాల్లో కిటికీ పక్కన కుర్చీ వేసుకుని ఫోన్ చూసుకుంటోంది. చూసేవాళ్ళకి ఆవిడ పేకముక్కల ఆట ఆడుకుంటున్నట్టే ఉంటుంది. ఇంట్లో అందరి నమ్మకమూ అదే. నిజానికి ఆ క్షణాన ఆవిడ ముప్పై అయిదేళ్ళ ఉద్యోగస్థురాలు. ఉతికిన బట్టలు ఏ వాసన వస్తే తనకు ఇష్టమో ఒక సబ్బుల కంపెనీకి తీరిగ్గా చెబుతోంది.

"అత్తయ్యా, టీ ఇక్కడ పెట్టాను. చల్లారిపోతుంది," అంది కోడలు.

"నువ్వు తాగావా?"

"తాగుతాలెండి." కోడలు అప్పటికే వంటింట్లోకి వెళ్ళిపోయింది. స్టవ్ మీంచి పాలు దించి గుడ్లు పెట్టిన చప్పుడు వినిపించింది. కొడుకు బాల్కనీలో కూర్చుని చెప్పులకు పాలిష్ చేసుకుంటున్నాడు. మనవరాలు కింది ఫ్లాట్‌లో ఆడుకోవడానికి పోయింది.

వీధిలో ఇప్పటికీ టైలరమ్మ అనే పిలుస్తారు గానీ, ఆవిడ మిషన్ తొక్కడం మానేసి చాలా కాలమైంది. భర్త పోయాక స్కూలు యూనిఫాంలు కుట్టి ఒక్కగానొక్క కొడుకును పెంచింది. వాడు లిఫ్టుల మెకానిక్ అయ్యాడు, పెళ్ళి చేసుకున్నాడు, తండ్రీ అయ్యాడు. అంతా ఒడ్డున పడిందనుకునే వేళకి ఆవిడ కుడి చెయ్యి వణకడం మొదలుపెట్టింది. సూదిలో దారం ఎక్కదు, ఎక్కినా కుట్టు తిన్నగా రాదు. కొడుకు మంచివాడే. డబ్బులడిగితే కాదనడు, ఎందుకని కూడా అనడు. కానీ అడగాలి కదా. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. అన్నాళ్ళూ పెట్టిన అమ్మే చెయ్యి చాచాల్సి వస్తే ఎలా ఉంటుందో చెప్పే సామెత మాత్రం ఆవిడకు ఎక్కడా దొరకలేదు.

ఆ సంగతి కనిపెట్టి పక్కింటావిడ ఫోన్లో సర్వేలు చూపించింది. "వాళ్ళు అడిగినవాటికి జవాబులు నొక్కడమే పిన్నిగారూ. పాయింట్లు పడతాయి. అవి పోగైతే డబ్బులు మీ బ్యాంకులో వేస్తారు," అంది. టైలరమ్మ బతుకంతా అందరికీ జవాబులు చెబుతూనే వచ్చింది, ఏనాడూ ఎవరూ చిల్లిగవ్వ ఇచ్చిన పాపాన పోలేదు. ఇదేదో న్యాయంగా ఉందనుకుంది.

మొదటి సర్వేలో ఉన్నదున్నట్టు చెప్పింది. వయసు అరవై నాలుగు, ఉద్యోగం లేదు. 'ధన్యవాదాలు, ఈ సర్వేకు మీరు అర్హులు కారు' అని వచ్చింది. తర్వాతిదీ అంతే. ఆ తర్వాతిదీ అంతే. బూట్ల గురించి, బిస్కెట్ల గురించి, ఆఖరికి మోకాళ్ళ నొప్పుల మందు గురించి కూడా ఆవిడ అభిప్రాయం ఎవరికీ అక్కర్లేకపోయింది. ఒకరోజు ఉక్రోషం ఆపుకోలేక కోడలి పేరు కొట్టి, కోడలి వయసు నొక్కింది. ఉద్యోగం మందుల షాపులో అని పెట్టింది. అంతే, ఎర్రతివాచీ పరిచినట్టు ప్రశ్న వెనక ప్రశ్న వచ్చింది.

మొదట్లో కోడలి తరఫున తనకు తోచినట్టు చెప్పేసింది. నిద్ర ఎనిమిది గంటలు. ఇంటిపనిలో సాయం బోలెడంత. సంతోషం పదికి పది. నాలుగు రోజులు గడవకముందే హెచ్చరిక వచ్చింది. జవాబులు ఒకదానితో ఒకటి పొసగడం లేదట, ఇలాగే ఉంటే ఖాతా మూసేస్తారట. ఉద్యోగమూ, ఇల్లూ, చిన్నపిల్లా ఉన్న మనిషి ఎనిమిది గంటలు ఎలా పడుకుంటుందని ఆ యంత్రానికి అనుమానం వచ్చింది. యంత్రానికి వచ్చిన ఆ అనుమానం తొమ్మిదేళ్ళుగా ఒకే కప్పు కింద ఉంటున్న అత్తగారికి రాలేదు.

ఇక ఖాతా నిలబెట్టుకోవడానికి కోడలిని గమనించడం మొదలుపెట్టింది. షాపు నుంచి వచ్చాక చెప్పులు విప్పి, గోడకు ఆనుకుని కాసేపు కళ్ళు మూసుకుని గానీ లోపలికి రాదు. అందరికీ వడ్డించి తను స్టవ్ దగ్గరే నిలబడి తింటుంది. స్నానాల గదిలో కుళాయి, బకెట్ నిండాక కూడా ధారగా పోతూనే ఉంటుంది. బయటికొచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉంటాయి. టైలరమ్మ చూసింది చూసినట్టు నొక్కింది, పాయింట్లు చక్కగా పడ్డాయి. ఆ డబ్బుతో ఫోన్ రీఛార్జ్ చేయించుకుంది, మనవరాలికి రంగు పెన్సిళ్ళు కొంది. లోపల ఎక్కడో చురుక్కుమనేది. సూది గుచ్చుకుంటే వేలు వెనక్కి లాక్కోవడం ఆవిడకు కొత్తేం కాదు, ఇక్కడా అదే చేసింది. అత్తాకోడళ్ళ మధ్య గొడవంటూ లేదు. నిజం చెప్పాలంటే మాటంటూ కూడా లేదు.

కాలింగ్ బెల్ మోగింది. కొడుకు వెళ్ళి తలుపు తీశాడు. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ట్యాబ్, ఇరవై రెండు ఇరవై మూడేళ్ళ అమ్మాయి.

"నమస్తే సార్. సర్వే కంపెనీ నుంచి వచ్చాను, మేడమ్ ఉన్నారా? బాగా చేసేవాళ్ళని పర్మనెంట్ మెంబర్లుగా తీసుకుంటున్నాం. ముందు ఒకసారి ఇంటికొచ్చి వివరాలు సరిచూసుకోవాలి. మెసేజ్ పెడితే మేడమ్ సరే అన్నారు."

ఆ మెసేజ్ టైలరమ్మకు బాగానే గుర్తుంది. చాంతాడంత ఉంది, చివర్న 'సరే' అని ఉంది. చాంతాడంత ఉన్నవి చదవకుండా సరే నొక్కడం ఆవిడకు అలవాటైపోయింది.

కోడలు చెయ్యి తుడుచుకుంటూ బయటికొచ్చింది. "నేను సర్వేలేవీ చెయ్యలేదమ్మా. ఇల్లు పొరబడ్డావేమో చూసుకో."

"పేరు, వయసు, మందుల షాపు, ఈ అడ్రసు... అన్నీ మీవే మేడమ్. పోనీ మీ జవాబులు కొన్ని చెప్తాను, గుర్తొస్తుంది. కొంచెం పక్కకు వస్తారా? ఇంటి విషయాలున్నాయి."

"పక్కకెందుకు? ఇక్కడే చదవండి. మా ఇంట్లో దాపరికాలేం లేవు," అన్నాడు కొడుకు నవ్వుతూ. సర్వే అమ్మాయి కోడలి వైపు చూసింది. కోడలు కానిమ్మన్నట్టు తలూపింది.

"నిద్ర, రోజుకి అయిదు గంటలు. ఈ సంవత్సరం మీ కోసం మీరు కొనుక్కున్నది, ఏమీ లేదు. కూర్చుని భోంచేసేది, ఎవరైనా చుట్టాలొస్తే. రోజులో మీకంటూ మిగిలే సమయం..." ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. "స్నానాల గదిలో, కుళాయి తిప్పుకుని ఏడ్చేంతసేపు. మనసు బాగోకపోతే ఎవరితో చెప్పుకుంటారంటే, ఎవరితోనూ కాదు. కారణం, ఆయన అలిసిపోయి వస్తారు, అత్తగారు ఏమనుకుంటారోనని భయం."

కొడుకు మొహంలో నవ్వు ఎప్పుడో పోయింది. కోడలు గోడ పట్టుకుని నిలబడింది.

"ఏంటిది?" అన్నాడతను భార్యతో. "నాతో చెప్పడానికి లేదు గానీ, ముక్కూ మొహం తెలియనివాళ్ళకి రాసుకున్నావా? ఇంటి గుట్టు లంకకు చేటని ఊరికే అన్నారా?"

"నేను రాయలేదండీ."

"రాయకపోతే నువ్వు కుళాయి తిప్పుకుని ఏడుస్తావని వీళ్ళకి కలొచ్చిందా?" అని, అప్పుడు ఆ మాట తనకే వినిపించినట్టు ఆగాడు. "ఏడుస్తావా నువ్వు?"

ఆమె తల దించుకుంది. దాంతో అతనికి ఇంకా కోపం వచ్చింది. "నన్నంటే అన్నావు. మధ్యలో అమ్మనెందుకు లాగావు? నీకు అమ్మంటే భయమా? పెద్దావిడ ఏనాడైనా నిన్ను ఒక్క మాట అందా?"

టైలరమ్మ తేలు కుట్టిన దొంగలా కూర్చుంది. ఫోన్ ఒళ్ళోనే ఉంది. ఆవిడ నోరు మెదపకపోతే ఈ నేరం కోడలి మీదే ఉండిపోతుంది, తన మీదికి అనుమానం చీమంతైనా రాదు. కొడుకు రెండు రోజులు మూతి ముడుచుకుంటాడు, మూడో రోజు సర్దుకుంటాడు. కోడలు ఎప్పటిలాగే మింగేస్తుంది. ఊరుకుంటే పోయేదేం లేదని లోపల ఎవరో చెబుతున్నారు. చెప్పకూడదనే ఆవిడ నిశ్చయించుకుంది కూడా.

అప్పుడు కోడలు నెమ్మదిగా అంది. "అనలేదండీ. అత్తయ్య నన్ను ఏనాడూ ఒక్క మాట కూడా అనలేదు. ఆవిడ తప్పేం లేదు."

ఆ మాట టైలరమ్మను కుర్చీలో కూర్చోనివ్వలేదు. లేచి నిలబడింది.

"దాన్నేమీ అనకురా. అది రాయలేదు. దాని పేరు పెట్టుకుని నేను రాశాను."

సర్వే అమ్మాయే ముందు తేరుకుంది. "మీరా ఆంటీ? మీ వయసెంత?"

"అరవై నాలుగు. మీకు అక్కర్లేని వయసేలే."

"డబ్బులు కావాలంటే నన్నడగొచ్చు కదమ్మా," అన్నాడు కొడుకు తెల్లబోయి.

"అడక్కుండా ఉండాలనేరా ఇదంతా."

సర్వే అమ్మాయి ట్యాబ్ మూసింది. ఒకరి పేరుతో ఇంకొకరు చెయ్యకూడదనీ, ఖాతా తీసెయ్యక తప్పదనీ నొచ్చుకుంటూ చెప్పింది. "తీసెయ్యమ్మా. నీ ఉద్యోగానికేం ఇబ్బంది రాదు కదా?" అని అడిగింది టైలరమ్మ. రాదని చెప్పి ఆ అమ్మాయి గబగబా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

తలుపు మూసుకున్నాక కోడలు అత్తగారి ఎదురుగా వచ్చి నిలబడింది. ఆమె గొంతులో కోపం వినడం టైలరమ్మకు అదే మొదటిసారి.

"అంటే ఇవన్నీ మీకు తెలుసన్నమాట."

"తెలుసమ్మా."

"నేను లోపల ఏడుస్తుంటే, మీరు తలుపు బయట విని, వచ్చి బటన్ నొక్కారా అత్తయ్యా?"

"నొక్కాను."

"ఎవరో కంపెనీవాళ్ళకి చెప్పారు. నాతో ఒక్కసారి, ఎందుకే ఏడుస్తున్నావు అని అనలేకపోయారా?"

టైలరమ్మకు కళ్ళనీళ్ళు ఆగలేదు. బుకాయించడానికి చూడలేదు.

"అడిగితే ఊరుకోవడానికి ఉండదమ్మా. నువ్వు చెప్తావు. విన్నాక నేను ఏదో ఒకటి చెయ్యాలి. పని అందుకోవాలి, వీణ్ణి లేవరా అనాలి, ఇన్నేళ్ళు నిన్ను చూడనేలేదని ఒప్పుకోవాలి. ఫోన్లో అయితే నొక్కేసి పక్కన పెడితే సరిపోయేది. ఏడ్చేది నువ్వు, డబ్బులు నాకు. సిగ్గుమాలిన పని చేశాను. నీ దగ్గర దాచేదేముంది."

వంటింట్లోంచి మాడు వాసన వచ్చింది. నీళ్ళు ఇగిరిపోయి గుడ్లు గిన్నెకు అంటుకున్నాయి. కోడలు అలవాటు కొద్దీ అటు కదలబోయింది. టైలరమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఆపి, కొడుకు వైపు చూసింది.

"వెళ్ళి స్టవ్ కట్టేయ్. నువ్వు మాత్రం ఏం చూశావురా దాన్ని? నేను కనీసం డబ్బుల కోసమైనా చూశాను."

అతను తల వంచుకుని వెళ్ళాడు. గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండానే, "నాకు నిజంగా తెలీదు," అని భార్యతో అన్నాడు. "తెలుసుకోవాల్సింది."

కోడలు నేల మీద కూలబడింది. చాలాసేపు ఏడ్చింది. కుళాయి చప్పుడు లేని ఏడుపు ఆ ఇంట్లో అదే మొదలు. టైలరమ్మ మోకాళ్ళు పట్టేస్తున్నా పక్కనే కింద కూర్చుంది. ఓదార్చడానికి మాటలు వెతుక్కోలేదు, ఇన్నాళ్ళు చూసి ఊరుకున్న మనిషికి ఓదార్చే హక్కు ఎక్కడిదనిపించింది.

"మీ మీద చాలా కోపంగా ఉంది," అంది కోడలు చివరికి, మొహం తుడుచుకుంటూ. "కానీ ఆ అమ్మాయి అవన్నీ చదువుతుంటే ఇంకోటి కూడా అనిపించింది. ఎవరో నన్ను ఇంత దగ్గరగా చూశారే, ఎవరబ్బా అనుకున్నాను. మీరని మాత్రం అనుకోలేదు."

"నేనైనా మొదట నీ కోసం చూడలేదమ్మా. పాయింట్ల కోసం చూశాను. చూడగా చూడగా..." ఆవిడ మాట మార్చింది. "రేపటి నుంచి పిల్లని స్కూలుకి నేను తయారు చేస్తాను. ఈ చేత్తో జడ వంకరగా వస్తే రానీ. నువ్వు ఇంకాసేపు పడుకో."

కోడలు ఆ చేతి వైపు చూసింది. అత్తగారి ఒళ్ళో అది దానంతటదే కదులుతోంది.

"మీ సొంత వయసు పెడితే వాళ్ళు ఏమీ అడిగేవాళ్ళు కాదా అత్తయ్యా?"

"గుమ్మంలోంచే పొమ్మనేవాళ్ళు."

"అయితే నేనడుగుతాను. నిజం చెప్పండి. చెయ్యి వణికినప్పుడు మీకు భయమేస్తుందా?"

టైలరమ్మ అలవాటుగా లేదని చెప్పబోయి ఆగింది.

"వేస్తుందమ్మా," అంది. "ఇంక నేనెందుకూ పనికిరానేమోనని. రేపు అన్నం ముద్ద కూడా నోటిదాకా రాదేమోనని. రాత్రుళ్ళు అదే ఆలోచన."

కోడలు రెండు చేతులతో ఆ చేతిని పట్టుకుంది. "మరి ఇన్నాళ్ళూ ఎవరితోనూ ఎందుకనలేదు?"

"ఎవరడిగారు?"

కోడలు దగ్గరికి జరిగి అత్తగారి తల తన భుజానికి ఆనించుకుంది. వంటింట్లో కొడుకు చప్పుడు కాకుండా మాడిన గిన్నె తోముతున్నాడు.