తంగేడు పూల అరుగు

మాఘం ముగిసిపోతున్నా ఆ పొద్దున సంగారెడ్డిని మంచు వదల్లేదు. పాత జైలు గోడ కాసేపు కనిపిస్తూ, కాసేపు కరిగిపోతూ ఉంది. ఆ మంచులోంచే రాజవ్వ డిటెక్టివ్ పరాంకుశం గదికి మెట్లెక్కి వచ్చింది. అసిస్టెంట్ నాగేశ్వరి కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"నా పెనిమిటిని పోలీసోళ్లు పట్కపోయిన్రు సారూ," అంది. "సర్కారు సిమెంటు అమ్ముకున్నడంట. మా యాదగిరి ఒకల సొమ్ము ముట్టేటోడు కాదు. రేపు జైల్ల ఏస్తరంట. జెర మీరే సూడాలె."

పటాన్‌చెరు అవతల వాళ్ల ఊళ్లో కడుతున్న కాన్పుల ఆస్పత్రికి, స్లాబు కింది చెక్కలు తీయగానే కప్పు పిండిలా రాలి కూలింది. కింద ఎవరూ లేకపోవడమే అదృష్టం. ఆ పనికి తెచ్చిన సిమెంటు దాచే గదికి కాపలా యాదగిరిది. పుష్యమాసంలో ఊరంతా బండ్లు కట్టుకుని ఇస్మాయిల్‌ఖాన్‌పేట భవానీ అమ్మవారికి మొక్కులు తీర్చడానికి వెళ్లిన రోజున, అతను సిమెంటు అమ్ముకుని బస్తాల్లో బూడిద నింపాడని కట్టడం పని చూసే ఓవర్సీరు వీర్రాజు ఫిర్యాదు చేశాడు.

"మీ ఆయన ఎప్పుడు పనిల చేరిండు?" అన్నాడు పరాంకుశం కళ్లు మూసుకుని.

"దీపావళి పోయినంక సారూ."

"అంతకుముందు తాళంచెవి?"

"ఓవర్సీరు సారు తాననే ఉండె."

"ఊళ్లె మీ తరఫున మాట్లాడెటోళ్లు?"

"ఒక్కలు నోరు తెరుస్తలేరు. మొన్నటిదాక అక్కా అన్నోళ్లు నన్ను జూసి తలుపేసుకుంటున్నరు."

వీర్రాజు పేరు వినగానే నాగేశ్వరి మనసు కలుక్కుమంది. ఆయన తమ గోదావరి జిల్లా మనిషి. ఫ్యాక్టరీ కాలనీలోని తమ ఇంటికి పండక్కీ పబ్బానికీ వస్తుంటాడు. దసరాకు ముందు అమ్మకు తులసికోట కట్టించి పెట్టింది కూడా ఆయనే. అలాంటివారు కాదండి, అనబోయి ఊరుకుంది. పరాంకుశం కళ్లు మూసుకుంటే కునుకు తీస్తున్నాడని కొత్తవాళ్లు అనుకుంటారు. నాగేశ్వరికి మాత్రం తన తెరిచిన కళ్లకంటే ఆయన మూసిన కళ్ల మీదే గురి.

మధ్యాహ్నానికి ఊరు చేరారు. ఫ్యాక్టరీ పొగ ఎండలో కదలకుండా నిలబడిపోయింది. వీధి నిండా ఎర్రమట్టీ పేడా కలిపి అలికిన అరుగులు. ఇంత శుభ్రమైన ఊరు నాగేశ్వరి చూడలేదు. కానీ ఏ అరుగు చూసినా అలుకు బీటలు వారి, పెచ్చులు లేచి ఉంది. రాజవ్వ ఇంటి ముందు మాత్రం అరచేతితో నిమిరినట్టు నున్నగా నిలిచింది. ఊరందరికీ అలకడం చేతగాక రాజవ్వ ఒక్కతికే వచ్చునా అని నాగేశ్వరికి నవ్వొచ్చింది.

పక్కింటి మొగులమ్మ అరుగు మీద పరాంకుశం చతికిలబడ్డాడు. "అవ్వా, అలుకు నిలుస్తలేదేంది?"

"ఎండకు బిడ్డా."

"గా ఎండ రాజవ్వ ఇంటి మీద పడదా?"

మొగులమ్మ లేచి లోపలికి పోయింది. ఆయన చేతి కింద ఒక పెచ్చు ఊడింది. దాని అడుగున బూడిదరంగు గచ్చు మీద, నిద్రలో ఎవరో అద్దినట్టు, చిన్న పువ్వు అచ్చు. "తంగేడు," అంది నాగేశ్వరి మెల్లగా. ఆయన దాని మీద రుమాలు పరిచాడు.

అప్పుడే వీర్రాజు నవ్వుతూ వచ్చాడు. "మన నాగేశ్వరేనా? అమ్మ కులాసానా?"

"సిమెంటు బాగున్నట్టు మీరు ఆఖరుసారి ఎప్పుడు చూశారు?" అన్నాడు పరాంకుశం.

"మొక్కులకు వెళ్లే ముందు రోజేనండి. ప్రతి బస్తా నేనే చూశాను."

"అప్పటికి సిమెంటు బయటికి పోలేదన్నమాట."

"పిడికెడు కూడా పోలేదండి."

పొద్దు వాలకముందే పరాంకుశం కబురు మీద ఇన్‌స్పెక్టరు యాదగిరిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఊరంతా మొగులమ్మ ఇంటి ముందు చేరింది. పరాంకుశం చెంబెడు నీళ్లు అరుగు మీద పోసి తుడిచాడు. ఎర్రమట్టి జారిపోయి గచ్చు బయటపడింది. దాని నిండా తంగేడు పూల అచ్చులు. ఎప్పుడో వాడిపోయిన పండుగ ఒకటి ఆ గచ్చులో ఇంకా పడుకుని ఉందనిపించింది నాగేశ్వరికి.

"మట్టి మీద అలుకు మట్టిలో కలిసిపోతది," అన్నాడాయన. "నున్నటి సిమెంటు మీద అలికితే ఎండగానే పెచ్చులు లేస్తది. కప్పు కూలినంక సోదా చేస్తరని భయపడి అందరూ ఒక్కసారే అలికిన్రు. అలుకు నిలిచిన అరుగు యాదగిరిది ఒక్కటే. ఎందుకంటే అది మట్టిది."

ఆయన వీర్రాజు వైపు తిరిగాడు. "పువ్వు అచ్చు పచ్చి గచ్చు మీదే పడుతుంది. ఇది తంగేడు, దసరా ముందు బతుకమ్మలో పేర్చే పువ్వు. అంటే దసరాకు ముందే సిమెంటు ఊళ్లోకి వచ్చింది. పిడికెడు పోలేదన్నారు మీరు. అప్పుడు యాదగిరి పనిలో లేడు, తాళంచెవి మీ జేబులో ఉంది. ముందు ఊరికి తలా గంపెడు పంచారు. తరవాత మిగిలింది అమ్ముకుని బూడిద కలిపినా అడిగే నోరు లేకుండా పోయింది. యాదగిరి పంపకం అయ్యాక వచ్చాడు, ఏమీ తీసుకోలేదు. అందుకే నేరం అతని నెత్తిన వేశారు."

వీర్రాజు నవ్వు చెదరలేదు. "నేనిచ్చానని ఎవరు చెబుతారండి?"

అందరూ తలలు వంచుకున్నారు. యాదగిరి ఒక్కొక్క మొహమే చూస్తూ పోయాడు, అందరూ తెలిసినవాళ్లే. నాగేశ్వరి ఒక అడుగు ముందుకు వేసింది. పరాంకుశం ఆమె వైపు చూడలేదు. చూసి ఉంటే బహుశా చెప్పలేకపోయేది.

"మా ఇంట్లో తులసికోట ఉందండి," అంది. "దసరాకు ముందు వీర్రాజుగారే కట్టించారు. సిమెంటు ఎక్కడిదని మేం అడగలేదు. నేను సాక్ష్యం చెబుతాను."

మొగులమ్మ చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "దసరా ఇనామని గంపెడిచ్చిండు సారూ. అందరు తీస్కుంటున్నరని నేను గూడ తీస్కున్న. నా కోడలు గీ నెలల్నే గా కప్పు కింద కాన్పుకు పండేది. ఇగ నేను చెప్త, రాస్కో."

ఆ తరవాత ఒక్కొక్కరే ముందుకొచ్చారు. యాదగిరి చేతుల బేడీలు విప్పి, ఇన్‌స్పెక్టరు వీర్రాజును జీపెక్కించాడు. రాజవ్వ భర్త పక్కన నిలబడింది గాని ఊళ్లో ఎవరినీ పలకరించలేదు.

తిరుగు బస్సులో నాగేశ్వరి అడిగింది, "ఆయన ఒక్కడే తినలేదు కదండీ. పైన సంతకాలు పెట్టినవాళ్లు?"

"వాళ్ల ఇండ్లల్ల అలకరమ్మా," అన్నాడు పరాంకుశం. "పెచ్చులు లెవ్వయి. ఇంకో దారి వెతకాలె." కళ్లు మూసుకున్నాడు.

ఇల్లు చేరేసరికి అమ్మ అన్నపూర్ణ తులసికోట దగ్గర సంధ్యదీపం పెడుతోంది. నాగేశ్వరి దీపాన్ని జాగ్రత్తగా గడప పక్కకు జరిపి, జరిగిందంతా చెప్పి, కోట పడగొట్టడానికి పెరట్లోంచి గునపం తెచ్చింది.

అమ్మ రెండు చేతులతో మొక్కను వేర్లతో సహా తనే పైకి తీసింది.

"తులసమ్మను ఎక్కడ పెడతావే?"

"నేలలోనే పెడదాం అమ్మా," అంది నాగేశ్వరి.