తివాచీ కింద అడుగులు

పొద్దున ఆరున్నరకి పాలు పొంగాయి, ఇస్త్రీపెట్టె కింద చొక్కా కాలర్ మాడింది, అల్లుడు ఒంటి సాక్సు కోసం ఇల్లు పీకి పందిరేస్తున్నాడు. అన్నీ రోజూ ఉన్నట్టే ఉన్నాయి. నడవాలో అడుగుల చప్పుడు మాత్రం ఈమధ్య లేదు. హమ్మయ్య అనుకుంది కూతురు. అయినా ఆమె చెవులు అటే ఉన్నాయి.

రెండు నెలల పాటు ఆ చప్పుడు ఆమెని హడలగొట్టింది. ఒకప్పుడు టైలరు పనితో ఇల్లు నడిపిన తల్లికి ఇప్పుడు నరాల జబ్బు. గడప దగ్గరికొస్తే పాదాలు నేలకి అతుక్కుపోతాయి. అలాంటి మనిషి తెల్లారగానే చెక్కనేల మీద ఎడమ, కుడి, ఎడమ, కుడి అని వంటింటిదాకా వచ్చేసేది. అదే వింత అనుకుంటే, ఆ అడుగులు ఒక్కరివి కావు. ముందొకరు, వెనకొకరు. పరిగెత్తుకెళ్లి చూస్తే తల్లి ఒక్కతే, తనలో తను నవ్వుకుంటూ.

అందుకే పది రోజుల కిందట నడవా పొడుగునా మందపాటి తివాచీ పరిపించింది. పడినా దెబ్బ తగలదని అందరికీ చెప్పింది. చప్పుడు వినలేకేనని ఎవరికీ చెప్పలేదు. మర్నాడే తల్లి నడవా మధ్యలో కూలబడింది. మళ్లీ మంచం దిగలేదు.

పదింటికి వృద్ధుల ఆశ్రమం వ్యాను వస్తుంది.

"ఇంకోసారి ఆలోచించు," అన్నాడు భర్త.

"ఆలోచించే ఓపిక లేదు. నేను క్లినిక్కులో, నువ్వు బస్సు డిపోలో. మళ్లీ పడితే ఎవరు లేపుతారు?"

"అత్తయ్య పడింది తివాచీ వేశాకే కదా."

"అంటే నేనే పడేశానంటావా?"

 ఆమె విసురుగా తల్లి గదిలోకెళ్లి బట్టలు సర్దసాగింది. బీరువా అడుగున రెండు డ్రమ్ము పుల్లలు, ఓ పాత ఫొటో దొరికాయి. యూనిఫారాల్లో ఆడపిల్లలు ఒకరి వెనక ఒకరు నడుస్తున్నారు.

"మా స్కూలు బ్యాండు," అంది తల్లి. "డ్రమ్ము మోస్తున్నది నేను. నా ముందు పొడుగుపిల్ల, వెనక బక్కపిల్ల, పిచ్చుక అనేవాళ్లం."

"ఎక్కడున్నారు వాళ్లు?"

"ఇద్దరూ పోయారే. పిచ్చుక పోయి పదకొండేళ్లు."

కూతురు సర్దడం ఆపేసింది. "అమ్మా, నిజం చెప్పు. పొద్దున్నే నీతో ఎవరు నడిచేవాళ్లు?"

"అదంతా నాకు తెలీదు. ఈ కాళ్లు నా మాట వినడం మానేశాయి. పదమూడో ఏట డ్రిల్లు మాస్టారు ఎండలో నిలబెట్టి నేర్పిన అడుగు మాత్రం మర్చిపోలేదు. ముందుదాని అడుగు విని నేను వెయ్యాలి, నాది విని వెనకది వెయ్యాలి. చదివిన చదువు పోయింది, చేతిలో కుట్టు పోయింది. ఇదొక్కటే మిగిలింది. ఆ మెత్తటిది పరిచాక పొడుగుదాని అడుగు వినపడలేదు. ఆగిపోయాను, పడ్డాను."

"ముందే చెప్పొచ్చు కదా!"

"కన్నకూతురే నన్ను చూసి జడుసుకుంటుంటే ఏమని చెప్పనే?"

కూతురి కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. అమ్మకి మిగిలిన ఒక్క ఆసరా తన చేతులతోనే లాగేసింది. కళ్లు తుడుచుకుని భర్తని కేకేసింది. ఇద్దరూ కలిసి తివాచీ చుట్టేశారు. అతను వెళ్లి వంటింటి తలుపు తెరిచి పట్టుకున్నాడు.

కూతురు పట్టుకుని మంచం దింపితే, తల్లి పుల్లలు చేతబట్టి గది గడప దాకా వచ్చి ఆగింది. పాదాలు కదల్లేదు. పుల్లలతో ద్వారబంధం మీద నాలుగు దెబ్బలు కొట్టింది.

"నా వెనకే రా. వెనక్కి మాత్రం చూడకు. బ్యాండులో అది కుదరదు."

ఎడమ. తల్లి గడప దాటేసింది. కుడి. ఆమె అడుగుకి ముందే మరో అడుగు పడుతోంది. కూతురు లెక్క తప్పకుండా నడిచింది. సగం దూరం వెళ్లాక తన మడమల వెనకే తేలికపాటి అడుగొకటి మొదలైంది. మెడ మీద వెంట్రుకలు లేచాయి. ఒకప్పుడైతే కెవ్వుమనేది. ఇప్పుడు కన్నీళ్లు చెంపల మీద కారుతున్నా తుడుచుకోకుండా నడుస్తూనే ఉంది, అమ్మ వీపు వైపే చూస్తూ.

వంటింట్లోకి రాగానే తల్లిని గట్టిగా వాటేసుకుంది. "నిన్నెక్కడికీ పంపనమ్మా."

భర్త మాత్రం గోడకి కరుచుకుపోయి తలుపు ఇంకా పట్టుకునే ఉన్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏంటలా నిలబడ్డావు? వ్యాను వద్దని ఫోన్ చెయ్యి."

"చేస్తా," అన్నాడతను గొంతు తగ్గించి. "ముందు ఆ పిల్లని లోపలికి రానీ."