మింగమన్నప్పుడే

ఆ దర్జీ ఆవిడ ఏడాదిగా బాగానే తింటోంది. ఎంత బాగా అంటే, ఆమె మొగుడు తన పళ్లెంలోది కూడా ఆమె వైపు తోసి, "తిండి చూస్తే ఏనుగంత, మనిషి చూస్తే ఎండుపుల్లంత. మధ్యలో కొట్టేస్తున్నదెవరే?" అని నవ్వేవాడు. ఆమె నవ్వేది కాదు. తిన్న అరగంటకే మళ్లీ ఆకలి. తన జాకెట్లు తనే మూడుసార్లు కుదించి కుట్టుకుంది. చివరికి డాక్టరు పొట్టకి బేరియం ఎక్స్‌రే తీయించమని చీటీ రాశాడు. తెల్లటి మందు తాగిస్తారు, అది లోపల ఎలా దిగుతోందో తెర మీద చూస్తారు, నొప్పేమీ ఉండదు అన్నాడు.

రాత్రి నుంచి మంచినీళ్లు కూడా ముట్టకుండా పొద్దున్నే ఆసుపత్రికి వచ్చారు ఇద్దరూ. ఎక్స్‌రే గది నేల కింది అంతస్తులో, నడవా చివర. మొగుణ్ని బయట బల్ల మీద కూర్చోబెట్టి ఆమె ఒక్కతే లోపలికి వెళ్లింది. కిటికీ లేని గది. ఫినాయిలు వాసన, దాని కింద తడి గోడల వాసన. ఎక్కడో ఒక మోటారు సన్నగా మూలుగుతోంది.

ఎక్స్‌రే తీసే ఆయన నెమ్మదస్తుడు. నిలబెట్టిన బల్లకి ఆమె వీపు ఆనించి, చేతికి గ్లాసు ఇచ్చాడు. "నేను ఆ అద్దం వెనక ఉంటానమ్మా. ఒక గుక్క నోట్లో పోసుకుని అలాగే ఉంచండి. మింగమన్నప్పుడే మింగాలి."

దీపం ఆర్పేశాడు. తలుపు మూసుకుంది.

పక్కనున్న తెర బూడిదరంగుగా వెలిగింది. అందులో తన పక్కటెముకలు. ఆమె ఒక గుక్క నోట్లో పోసుకుంది. చల్లగా, చిక్కగా, సుద్ద కలిపిన నీళ్లలా ఉంది.

"మింగొద్దన్నాను కదమ్మా," స్పీకరులో గొంతు.

ఆమె తల అడ్డంగా ఊపింది. మందు నోట్లోనే ఉంది.

"కదలకండి... అదుగో, మళ్లీ మింగారు."

ఆమె తెర వైపు చూసింది. గొంతు దగ్గర నుంచి ఒక తెల్లటి చార కిందికి జారుతోంది. దాని వెనకే ఇంకోటి. ఇంకోటి... ఊపిరి తీసుకునే సందు కూడా లేకుండా. ఆబగా.

నోరు నిండుగానే ఉంది. చేతిలో గ్లాసు మాత్రం తేలికవుతోంది.

అప్పుడు చెవి పక్కన, వెచ్చగా...

"చిట్టీ... ఇంకొంచెమే."

ఆమెను అలా పిలిచే మనిషి ఒక్కతే. పోయి ఏడాదయింది.

దీపం వెలిగింది. ఎక్స్‌రే ఆయన విసుగ్గా లోపలికి వచ్చాడు. ఆమె నోట్లోదంతా పక్కనున్న పళ్లెంలోకి ఉమ్మింది. ఆయన ఆ తెల్లటి గుక్కను చూశాడు. ఖాళీ గ్లాసు చూశాడు. తెర మీద నిండిన పొట్ట చూశాడు.

"అరగంట ఆగి... ఇంకో ఫిల్మ్ తీయాలి," అన్నాడు.

బయట బల్ల మీద ఆమె మొగుడి చెయ్యి పట్టుకుంది. "అక్క వచ్చింది."

ఈసారి అతను నవ్వలేదు. "ఆ చివరి రోజుల్లో ఆవిడ నోటికి ఏమీ పెట్టొద్దన్నది డాక్టరు. నువ్వు కాదు కదా."

"చెంచాడు గంజి అడిగింది. పొయ్యి మీదే ఉంది. వాసన తగలకుండా నేనే మూత పెట్టాను." గుసగుసగా అంది, "ఏవండీ, నాకిప్పుడు ఆకలి లేదు. అస్సలు లేదు."

అది మంచి కబురే. అయినా చెబుతుంటే ఆమె పళ్లు టకటకా కొట్టుకున్నాయి.

అరగంట తర్వాత తీసిన ఫిల్మును ఆయన వెలుగుకి పట్టుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. పొట్టలో తెలుపు లేదు. పేగుల్లోనూ లేదు. ఎక్కడా చుక్క లేదు.

"ఇంత త్వరగా ఎక్కడికీ పోదమ్మా అది," అన్నాడు మెల్లగా. "లోపలే ఉండాలి."

ఆమె నడవాలోకి వచ్చింది. బల్ల మీద మొగుడు లేడు. తర్వాతి వంతు కోసం ఒక ముసలామె కూర్చుని ఉంది.

"మీ ఆయన పైకి వెళ్లాడమ్మా, నీకు తినడానికేమైనా తెస్తానని," అంది ముసలామె. "మీ అక్కగారు కూడా ఆయన వెనకే వెళ్లింది. పోలిక చూసి పట్టేశాలే. ఆవిణ్ని కాస్త మూతి తుడుచుకోమని చెప్పు తల్లీ, సున్నం పూసినట్టు తెల్లగా ఉంది."