మూడు జాడీల పుల్ల క్యాబేజీ

ఆ ఇంట్లో తెల్లారడమంటే అల్లం తురిమిన వాసన రావడమే. పడవల రేవులో హాట్ డాగ్ బండి పెట్టినప్పటి నుంచీ, నలభై ఏళ్లుగా అదే వరస. లేచి మొహం కడుక్కుని, కిటికీ గూట్లో ఉన్న గాజు సీసా మూత తీసి, చెంచాడు అల్లం తురుము, చెంచాడు పంచదార వేసి కలిపితేగానీ సోడావిడకు కాఫీ గొంతు దిగదు. సోడావిడ అన్నది పడవ కోసం నిలబడే జనం పెట్టిన పేరు. కన్నవాళ్లు పెట్టిన పేరు ఓ పట్టాన ఆవిడకే గుర్తురాదు.

ఆ సీసాలో ఉన్నది సోడాకు తోడు. పాలు తోడుకోవాలంటే కాస్త పెరుగెలాగో, అల్లం నీళ్లు సోడా కావాలంటే ఇదలాగ. రోజూ మేపాలి. మేపితే బుసబుసా నురగ కడుతుంది. ఆ నురగ లేకపోతే సోడా లేదు, ఉత్త తీపి నీళ్లే. మొగుడూ పెళ్లాం కలిసి మొదలుపెట్టిన సీసా అది. ఆయన పోయి తొమ్మిదేళ్లయినా సీసా మాత్రం చెక్కుచెదరలేదు.

ఆ రోజు గురువారం. కోడలు పొయ్యి దగ్గర ఉల్లిపాయలు ఎర్రగా వేయిస్తోంది. కొడుకు బస్సు డ్రైవరు, చొక్కా గుండీలు పెట్టుకుంటూ వంటింట్లోకి తొంగిచూశాడు.

"ఇవాళేగా ఆ మేనేజరమ్మ తిని చూసేది?"

"పదకొండింటికి. రేవులో కట్టిన కొత్త హాల్లో ఉన్నది ఒక్కటే కౌంటరు. మేం ముగ్గురు బండివాళ్లం అడిగాం. ఎవరిది నచ్చితే వాళ్లకిస్తుందట."

"వచ్చిందంటే నెత్తిమీద ఓ కప్పు. వానాకాలం నీ దగ్గు వినే బాధ నాకు తప్పుతుంది."

"మీకు తప్పడం కోసమే పడుతున్నా ఈ పాట్లన్నీ," అని నవ్వింది కోడలు.

సోడావిడ నవ్వలేదు. సీసా కలుపుతూ వాళ్లకు వీపు తిప్పే నిలబడింది.

కోడలికి అదో పిచ్చి, దేనికి ఏది కుదురుతుందో చూడ్డం. పొగబెట్టిన లావు సాసేజ్‌లో కొవ్వెక్కువ కాబట్టి దానికి పులుపు పడాలని మూడు జాడీల్లో క్యాబేజీ పులియబెట్టింది. కోడి సాసేజ్ చప్పిడిది, దానికి వేయించిన ఉల్లిపాయలూ, మస్టర్డ్ అనే తియ్యటి ఆవముద్దా వేసి, పక్కన చల్లటి నిమ్మ టీ ఇస్తుంది. కారం సాసేజ్‌కి దోసకాయ ముక్కలు, ఆపిల్ రసం. బన్ను కూడా ఒకదానికి వెన్న రాసి కాలుస్తుంది, ఒకదానికి ఉత్త ఆవిరి పడుతుంది. ఏదేదానితో తినాలో పలక మీద రాసి బండికి వేలాడదీస్తుంది. సోడావిడ కాలంలో ఉన్నది ఒకటే సాసేజ్, ఒకటే సోడా. జనం తినలేదా, తాగలేదా?

వారం కిందట ముగ్గురూ బల్ల దగ్గర కూర్చుని రుచి చూస్తుంటే కోడలు మెల్లగా అంది, "అత్తయ్యా, కారం దానికి మన అల్లం సోడా పడదండీ. మంట మీద మంట. అదే..."

కొడుకు మధ్యలో అందుకున్నాడు. "నిజమే. మొన్నొకాయన అవి రెండూ లాగించి నా బస్సెక్కాడు. దిగేదాకా నాలుక కిటికీ బయటపెట్టుకునే కూర్చున్నాడు పాపం."

ఇద్దరూ పడీపడీ నవ్వారు. సోడావిడ గ్లాసు అక్కడ పెట్టి లేచి వెళ్లిపోయింది. కోడలు చెప్పబోయిన మిగతా మాట వినలేదు. వినాలనిపించలేదు.

ఇప్పుడు కోడలు పొయ్యి తగ్గించి, అలమర కింది అర తెరిచింది. ఖాళీ. చుట్టూ చూసింది. గిన్నెల స్టాండు మీద మూడు జాడీలూ తళతళా కడిగి బోర్లించి ఉన్నాయి.

"అత్తయ్యా, ఇందులో క్యాబేజీ ఏదండీ?"

"అదా? నిన్న మధ్యాహ్నం పారబోశానమ్మాయ్. ఒకటే నురగ, వాసన. చెడిపోయింది."

"మూడూనా?"

"మూడూ అలాగే ఉన్నాయి."

కోడలు స్టాండు పట్టుకుని నిలబడిపోయింది. పొయ్యి మీద ఉల్లిపాయలు మాడుతున్న సంగతి ఎవరికీ పట్టలేదు.

"ఇరవై రోజులమ్మా," అన్నాడు కొడుకు. "ఉప్పేసి పిసికి, రోజూ మూత తీసి చూసుకుంటూ ఇరవై రోజులు పెంచింది. ఒక్కమాట అడక్కూడదా?"

"నా వంటింట్లో చెడింది పారబొయ్యడానికి ఎవర్నడగాలిరా?"

"నీ వంటిల్లు. అదన్నమాట సంగతి. నీ మోకాళ్లు మొరాయించాక పదేళ్లుగా ఆ బండి దగ్గర ఎండకీ వానకీ నిలబడుతోంది ఎవరు? అప్పుడు మాత్రం మన బండి. వంటిల్లు నీది."

"ఊరుకోండి," అంది కోడలు, మాడిన మూకుడు దించుతూ. "ఆవిడకేం తెలుసు? పులిస్తే అలాగే పొంగుతుందని నేను చెప్పి ఉండాల్సింది. తప్పు నాదే."

కొడుకు దెప్పితే పడొచ్చు, కన్నకొడుకు. కోడలు అలా వెనకేసుకొచ్చేసరికి సోడావిడ తేలు కుట్టిన దొంగలా అటు తిరిగి మళ్లీ సీసా కలపసాగింది.

ఏ మాటకా మాటే చెప్పుకోవాలి. నలభై ఏళ్లు అల్లం తోడును మేపిన మనిషికి ఏది బతికిన నురగో, ఏది కుళ్లిన నురగో తెలియదా? పారబోసే ముందు వేలితో కాస్త తీసి నాలుక మీద వేసుకుంది కూడా. చక్కగా పులిసింది. నోరూరింది. ఆ నోరూరడమే ఆవిడకు కంటగింపయింది. ఇది హాల్లోకి వెళ్తుంది, నా సోడా బయటే ఉండిపోతుంది అనుకుంది. అంతే, మూడు జాడీలూ తూములోకి వంచేసింది.

కోడలు మిగిలినవి సర్దుకుని వెళ్లింది. పొగబెట్టిన సాసేజ్ మీద పచ్చి ఉల్లిపాయ, సీసా మస్టర్డ్ వేసి పెట్టింది. సాయంత్రం తిరిగొచ్చి చెప్పులు విప్పుతూ రెండు ముక్కల్లో చెప్పింది. "బాగుందంది. ఇలాంటిది ముగ్గురి దగ్గరా ఉందంది." కౌంటరు పక్క బండివాళ్లకు వెళ్లిపోయింది.

వానలు మొదలయ్యాయి. కోడలి దగ్గూ మొదలైంది. దానికన్నా సోడావిడను తినేసింది ఆ పలక. కోడలు దాన్ని తడిగుడ్డతో తుడిచి తలుపు వెనక పెట్టేసింది. "దీంతో ఏం తాగితే బాగుంటుందమ్మా?" అని ఎవరైనా అడిగితే, "మీ ఇష్టమండీ, ఏదైనా ఒకటే," అంటోందట. కొడుకు చెప్పాడు. ఏదైనా ఒకటే అనే మనిషా అది? అన్నం సయించడం లేదు సోడావిడకు. చెబుదామని రోజుకోసారి నోరు తెరవడం, ఉప్పందించమని అడిగి ఊరుకోవడం.

జ్వరం వచ్చి సోడావిడ రెండు రోజులు మంచం దిగలేదు. మూడో రోజు పొద్దున కోడలు గాజు సీసా పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. ఆ రెండు రోజులూ తనే మేపిన తోడు పొంగి సీసా అంచుల మీంచి కారుతోంది.

"అత్తయ్యా, ఇది కూడా చెడిపోయినట్టుందండీ. నాదీ అప్పుడిలాగే పొంగింది. మీరు చూడకపోతే ఆ కుళ్లిందే మేనేజరమ్మకు పెట్టేసేదాన్నేమో. పారబొయ్యనా?"

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగింది. సొంత చేతి మీదే నమ్మకం పోయిన మనిషి అడిగినట్టు అడిగింది.

"పొయ్యకు," అని లేచి కూర్చుంది సోడావిడ. "అది బతికుంది. నీదీ అప్పుడు బతికే ఉందమ్మాయ్."

కోడలికి అర్థం కాలేదు.

"నాకు తెలుసు. రుచి చూశాను. బ్రహ్మాండంగా ఉంది. అయినా పారబోశాను. తెలియక కాదు, ఓర్వలేక."

కోడలు సీసాను కిటికీ గూట్లో జాగ్రత్తగా పెట్టింది. చెంచాడు అల్లం, చెంచాడు పంచదార వేసి కలిపింది. ఆ తర్వాత గొడుగు తీసుకుని, ఒక్కమాట లేకుండా బండి దగ్గరికి వెళ్లిపోయింది. నాలుగు తిట్టినా బాగుండుననుకుంది సోడావిడ.

మధ్యాహ్నం వాన తెరిపిచ్చాక, మోకాళ్ల మీద చేతులు ఆనించుకుంటూ అంగడికి వెళ్లి మూడు క్యాబేజీలు తెచ్చింది. సన్నగా తరిగింది. కోడలు ఇంటికొచ్చేసరికి నేలమీద కూర్చుని, పెద్ద బేసిన్లో ఉప్పేసి పిసుకుతోంది.

కోడలు గుమ్మం పక్కన గొడుగు ఆనించి బేసిన్లోకి తొంగిచూసింది. "ఉప్పెంత వేశారు?" అంది.

"చేతికొచ్చినంత."

కోడలు వచ్చి ఎదురుగా కూర్చుంది. చిటికెడు తీసి నోట్లో వేసుకుంది. "తక్కువైంది," అని ఇంకో చెంచా వేసి తనూ చెయ్యి పెట్టింది. పిసుకుతూ తలెత్తకుండానే మొదలుపెట్టింది.

"నాకు కోపం తగ్గలేదండీ. ఎప్పటికి తగ్గుతుందో తెలీదు. కానీ ఒక్కటి చెప్పాలి. ఆ రోజు మీరు సగంలో లేచెళ్లిపోయారు. కారం దానికి మన సోడా పడదన్నాను. అదే పుల్ల క్యాబేజీ వేసినదానికైతే మన సోడా తప్ప ఇంకేదీ కుదరదని చెప్పబోయాను. నిమ్మ టీ చూశాను, ఆపిల్ రసం చూశాను. ఏదీ నిలబడలేదు. అల్లం సోడా ఒక్కటే నిలబడింది. దానికి సరైన జోడీ కావాలనే ఆ క్యాబేజీ వేశాను. పలక మీద మొదటి వరస అదే రాద్దామనుకున్నా."

సోడావిడ చేతులు బేసిన్లో ఆగిపోయాయి. తను తూములో పారబోసింది కోడలి కష్టం ఒక్కటే కాదు. ఆ కౌంటరు మీద తన సోడాకు, ఆయన సోడాకు వేసి ఉంచిన పీటను కూడా తనే లాగిపారేసింది. కళ్లలోంచి నీళ్లు జలజలా రాలాయి. తుడుచుకుందామంటే చేతుల నిండా ఉప్పు.

"ఏడవకండి," అంది కోడలు, తన చీర కొంగుతో ఆవిడ మొహం తుడుస్తూ. "ఇప్పుడే సరిపోయింది ఉప్పు. మళ్లీ ఎక్కువైతే మీదే పూచీ." అంటూనే తనూ ముక్కు ఎగబీల్చింది.

ఇద్దరూ కలిసి జాడీల్లోకి క్యాబేజీ అదిమి అదిమి నింపారు. పైన బరువు పెట్టారు. సోడావిడ మూత అందుకుంది.

"బిగించకండి అత్తయ్యా. దానికి ఊపిరాడాలి."

"తెలుసమ్మాయ్," అంది సోడావిడ, మూత వదులుగా పెడుతూ. "నాకు తెలుసు."