పేరు తెలియని గడ్డ

"ఆపమ్మా, ఆ కత్తి ఆపు!"

అరుచుకుంటూ పెరట్లోకి దూసుకొచ్చిన కుర్రవాణ్ణి చూసి, గడ్డలు తరుగుతున్న సంతోషమ్మ చెయ్యి ఆగిపోయింది. పక్కనే పొయ్యి మీద నూలుకు పట్టించే గంజి కుతకుతలాడుతోంది.

"ఎవరప్పా నువ్వు?"

"కృపానందం. ఆదోని డాక్టరమ్మ తోటమాలిని. నిన్న ఆయమ్మ ఇంట్లో వంట జేసే మీ మేనత్తను చూడనీకి వచ్చి, షెడ్డులో గడ్డ ఎత్తుకొచ్చినావంట?"

"నక్కవుల్లి గదా! గంజిలో ఏస్తే నూలును పురుగు ముట్టదు. ఎమ్మిగనూరులో మగ్గాలోళ్లందరం ఏస్తాం. పారేసినారనుకుంటి."

"నీడకు పెట్టింటి తల్లీ! పేర్ల చెక్కలన్నీ చెదలు తినె. మిగతా కుండీలన్నీ గుర్తుపట్టినా, ఇదొక్కటే తెలియల్యా. వానలు పోయే లోపల దీని పేరు సెప్పకుంటే నా పని పోతాది."

సంతోషమ్మ మొహం చిన్నబోయింది. ఆ గడ్డను నక్కవుల్లి కుప్పలో ఎప్పుడో కలిపేసింది. చూస్తే అన్నీ ఒకే తీరు!

"ఏదో ఒకటి తీసుకపోరాదా?"

"ఏదో ఒకటి నేనేం జేసుకోవల్ల? కూర వండుకోవల్నా?"

ఆమెకు నవ్వొచ్చింది, జాలీ కలిగింది. నక్కవుల్లి రసం తగిలితే ఒళ్లు దురద. ఒక్కో గడ్డ పొర గిల్లి తన ముంజేతికి రాసుకోసాగింది. చెయ్యి ఎర్రగా కందిపోతుంటే కృపానందం చూడలేక తన చెయ్యి చాచాడు.

"ఇంగ నాకు రాయి."

ఏసన్న మగ్గం దిగి వచ్చేసరికి, దురద పెట్టని గడ్డ ఒకటి దొరికింది. అతని కూతురూ, ఎవరో కుర్రవాడూ పోటీపడి గోక్కుంటూ నవ్వుతున్నారు.

గడ్డకు వేర్లు దెబ్బతిన్నాయి. మళ్లీ కదిలిస్తే కుళ్లుతుందని ఆ పెరట్లోనే నాటారు. పువ్వు పూస్తే పేరు తెలుస్తుంది. ఇక ప్రతి ఆదివారం ప్రార్థన అయిపోగానే కృపానందం బస్సెక్కేవాడు.

"నువ్వు చూసేది గడ్డనా, నన్నా?"

"గడ్డ ఊరికే నవ్వదు గదా!"

వానలు పడ్డాయి. ఆ ఆదివారం తడిసి ముద్దయి వచ్చిన కృపానందానికి గడ్డ మీద బోర్లించిన గంప కనిపించింది.

"పూసిందా?"

"ఇంకా ల్యా. కోళ్లు గెలుకుతాండాయని మూసినా." ఆమె తలెత్తలేదు.

అతను గంప ఎత్తాడు. బంతిలా గుండ్రంగా, నిండు ఎరుపులో పువ్వు!

"ఫుట్‌బాల్ లిల్లీ!" పని నిలబడిందని ఎగిరి గంతేశాడు. తిరిగి చూస్తే సంతోషమ్మ కళ్లలో నీళ్లు.

"ఎప్పుడు పూసింది?"

"మొన్న. రేపు నేనే పోయి పువ్వు డాక్టరమ్మకు సూపించాలనుకుంటి. నీకు మాత్రం సెప్పబుద్ధి కాల్యా. పేరు తెలిస్తే ఇంగ ఈడికి ఎందుకొస్తావు?"

కృపానందం చేతిలో గంపతోనే దగ్గరికొచ్చాడు. "పువ్వు కోసమే వస్తాండానని ఎవరు సెప్పినారు? నువ్వంటే నాకు ప్రాణం, సంతోషమ్మా."

లోపల మగ్గం చప్పుడు ఆగింది.

"ఏమప్పా కృపానందం!" ఏసన్న కేకేశాడు. "వచ్చే ఆదివారం మీ అమ్మను పిల్చుకొని రా. మీ ఇద్దరినీ మూసిపెట్టేంత గంప నా ఇంట్లో ల్యా!"

సంతోషమ్మ గబుక్కున అతని చేతిలోని గంప లాక్కుని మొహానికి అడ్డం పెట్టుకుంది.